బోర్డు మీద లేని కులం

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే తీర రహదారి పక్కన ఒక చిన్న చేపల హోటలు ఉంది. రేకుల కప్పు, ఆరు బల్లలు, గోడకు ఒక నల్లబల్ల. ఆ పూట ఏ చేప దొరికితే దాని పేరే నల్లబల్ల మీద కనిపిస్తుంది. ఒకరోజు వంజరం, చందువ ఉంటాయి. మరొకరోజు కానాగంతలు, నెత్తళ్లు, పీతలతో సరిపెట్టుకోవాలి. ఇంటాయన తెల్లవారక ముందే పడవ మీద వేటకు వెళ్తాడు. ఆయన వలలో పడనివాటిని ఇల్లాలు రేవులో పాట పాడి తెస్తుంది. వంట అంతా ఆమెదే. డిగ్రీ చదువుతున్న కూతురు సాయంత్రాలు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో నల్లబల్ల మీద పేర్లు తగ్గిపోతాయి. అప్పుడు ఎండు చేపల పులుసు, చెరువు చేప, ఉంటే పీతలు. హోటలు మాత్రం మూతపడదు.

ఇటీవల ఒక సదస్సుకు వచ్చిన అధ్యాపక మిత్రులను అక్కడికి భోజనానికి తీసుకువెళ్లాను. అరిటాకులో వేడి అన్నం, చింతపండు పులుసులో ఉడికిన కానాగంతలు, పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి వచ్చిన వంజరం ముక్కలు. మిత్రులు మాటలు మాని తిన్నారు. చేతులు కడుక్కున్నాక ఒకాయన వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆమెను మనసారా మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, “ఏమ్మా, మీరేవిట్లు? రాజులా?” అని అడిగాడు.

ఆయన దాన్ని నిందగా అడగలేదు. ఆయన దృష్టిలో అది ప్రశంసే. చేపల కూర ఇంత బాగా కుదిరిందంటే అది ఫలానా వారి చేతి వంటే అయి ఉండాలని ఆయనకు ఎవరో ఎప్పుడో నేర్పారు. ఆమె గరిటె పక్కన పెట్టి, “జాలారోలం బాబూ, మేం వేటకెల్లీవోలం” అంది. “ఓహో” అన్నాడాయన. అక్కడితో రుచి ప్రస్తావన ముగిసింది. మాట ధర మీదికి మళ్లింది, ధర నుంచి శుభ్రత మీదికి వెళ్లింది. “ఇంతకీ ఈ నీళ్లు ఎక్కడివి?” అని మరొక మిత్రుడు అడిగాడు. అప్పటికి గంటన్నర నుంచి మేమంతా ఆ నీళ్లే తాగుతున్నాం.

నేను మౌనంగా ఉండిపోయాను. ఆ మౌనానికి కారణం చెప్పకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. నేనూ ఆ తీరం బిడ్డనే, జాలారి ఇంట పుట్టినవాణ్నే. మా అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన డబ్బుతో నేను చదువుకున్నాను. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఈ సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు. “మేమూ అవే” అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను.

మన పట్టణాలలో హోటళ్ల బోర్డులను ఒకసారి పరికించి చూడండి. రాజుగారి, రెడ్డిగారి, చౌదరిగారి, నాయుడుగారి అన్న పేర్లతో పులావులు, కూరలు, పచ్చళ్లు పిలుస్తుంటాయి. శాకాహారమైతే బ్రాహ్మణ భోజనం. కులం పేరుకు ‘గారి’ తగిలిస్తే చాలు, అది రుచికి, శుభ్రతకు పూచీకత్తుగా చెల్లుబాటవుతుంది. మాల, మాదిగ, చాకలి, జాలారి పేర్ల పక్కన ఆ ‘గారి’ చేర్చి కట్టిన బోర్డు నాకింతవరకు కనబడలేదు. వంటలో కొన్ని కులాల పేర్లు పెట్టుబడి, కొన్ని కులాల పేర్లు నష్టభయం. మార్కెట్టుకు కులం లేదని వాదించే ఆర్థిక పండితులు ఏ పట్టణంలోనైనా ఒక సాయంకాలం ఈ బోర్డులు చదువుతూ నడిస్తే మంచిది.

బోర్డు మీది కులం కొత్త వివాదమేమీ కాదు. మద్రాసులోని ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అన్న మాటను తొలగించాలని పెరియార్ నాయకత్వంలో ద్రావిడ కళగం 1957లో ఆందోళన చేసింది. ఆ మాట వండినవారెవరో చెప్పడానికి పెట్టింది కాదు. వంటను ఎవరు తాకలేదో హామీ ఇవ్వడానికి పెట్టింది. పెరియార్ అభ్యంతరం అదే. మొన్న 2024లో ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర సాగే దారిలోని హోటళ్లు, తినుబండారాల దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలని అధికారులు ఆదేశించారు. ఆ ఏడాది జూలై 22న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని నిలిపివేసింది. ఏ ఆహారం వడ్డిస్తున్నారో తెలిపితే చాలు, పేర్లు రాయమని బలవంతపెట్టరాదు అన్నది దాని సారాంశం. పేరు బయటపడితే ఎవరి పొయ్యి ఆరిపోతుందో అందరికీ తెలుసు కనుకనే ఆ ఉత్తర్వు అవసరమైంది.

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, భోజనశాలల తలుపులను ప్రతి పౌరుడికీ తెరిచింది. ఒకప్పుడు లోపలికి రానివ్వని మనుషులు తలెత్తుకుని వచ్చి బల్ల ముందు కూర్చునే హక్కు అలా దక్కింది. ఆ హక్కును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గ్రామాలలో అది నేటికీ పూర్తిగా అమలు కాలేదు. అయితే ఆ అధికరణం తినడానికి వచ్చేవారిని కాపాడుతుంది. వండి వడ్డించేవారి కులం తెలిసి ముద్ద దించే గిరాకీని ఏ చట్టమూ కూర్చోబెట్టలేదు. “ఓహో” అన్న మాట మీద ఏ ఠాణాలో ఫిర్యాదు చేస్తాం?

ఈ అసహ్యానికి మన భాషే ఆశ్రయమిచ్చింది. చేప వాసనను నీచు అంటాం. మాంసాహారాన్నే నీచు అనే ఇళ్లున్నాయి. ఈ నీచుకు, సంస్కృత నీచ శబ్దానికి వ్యుత్పత్తిలో చుట్టరికం ఉందా లేదా అన్నది భాషావేత్తలు తేల్చవలసిన విషయం. తరగతి గదిలో ఆ మాట విన్న పిల్లవాడి చెవికి మాత్రం రెండూ ఒకటే. వసతి గృహంలో చేరిన మొదటి నెలలో నా పెట్టెలో అమ్మ పెట్టిన ఎండు నెత్తళ్ల పొట్లం బయటపడింది. తోటి విద్యార్థులు ముక్కులు మూసుకుని నవ్వారు. ఆ రాత్రి పొట్లాన్ని ప్రహరీ గోడ అవతలికి విసిరేశాను. ఆ తర్వాత సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ బట్టలు రెండుసార్లు ఉతుక్కునేవాణ్ని.

మహాభారతంలో సత్యవతి దాశరాజు ఇంట పెరిగి పడవ నడిపిన పిల్ల. ఆమె మొదటి పేరు మత్స్యగంధి. పరాశరుడి వరంతో చేపల వాసన పోయి యోజనగంధి అయింది. ఆ పరిమళం వెంటే శంతనుడు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఇతిహాసాన్ని రచించిన వ్యాసుడు ఆమె కొడుకే. ఆమె కడుపు పంట గ్రంథంలోకి రావడానికి అభ్యంతరం లేకపోయింది గానీ, ఆమె రాజమందిరంలో అడుగుపెట్టడానికి ముందు ఒంటి వాసన మారవలసి వచ్చింది. మా తరానికి పీహెచ్‌డీ పట్టా అటువంటి వరమే. అది వాసనను పోగొట్టింది. దానితోపాటు నోరు కూడా పోగొట్టిందని ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది.

గోదావరికి వరద వచ్చే కాలంలో సముద్రం నుంచి ఎదురెక్కే పులస కోసం వేలకు వేలు పోస్తారు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. ఆ సామెతలో పుస్తెలున్నాయి, పులస ఉంది, తినేవారి తహతహ ఉంది. వల వేసినవాడు లేడు. జాలారి, వాడబలిజ, పల్లి, అగ్నికులక్షత్రియ, పట్టపు వంటి మత్స్యకార కులాలు వెనుకబడిన తరగతుల జాబితాలో ‘ఎ’ వర్గంలో ఉన్నాయి. సముద్రం మీద ప్రాణాపాయం వారిది. రొయ్యల చెరువులు, శీతల గిడ్డంగులు, ఎగుమతి వ్యాపారం మాత్రం ప్రధానంగా భూమి, పెట్టుబడి ఉన్న కులాల చేతుల్లోకి వెళ్లాయి. చేప విలువ పెరిగినకొద్దీ అది వేటగాడి కులానికి దూరమవుతూ వచ్చింది. అటువంటప్పుడు రేవు పక్కన ఒక జాలారి కుటుంబం సొంతంగా నడుపుతున్న ఆరు బల్లల హోటలు చిన్న విషయం కాదు. చేప రేవు దాటకముందే దాని విలువలో కొంత తమ ఇంట నిలుపుకోవడానికి వారు చేస్తున్న ప్రయత్నమది.

మా తీరం నిర్దోషి అనడం లేదు. మా పేటలోనూ దళితులు పనికి వస్తే వారికి వేరే గ్లాసు ఉండేది. పసితనంలో దాన్ని నేను కళ్లారా చూశాను, అది తప్పని ఎవరూ నాకు చెప్పలేదు. నీచు అన్న మాటకు నొచ్చుకునే మేము ఆ గ్లాసును గురించి కూడా మాట్లాడవలసి ఉంది.

రెండు వారాల తర్వాత ఒక్కణ్నే ఆ హోటలుకు వెళ్లాను. నేను అధ్యాపకుణ్నని తెలిసి, గల్లాపెట్టె దగ్గరి అమ్మాయి ఒక సలహా అడిగింది. బోర్డు రంగు వెలిసిపోయింది, కొత్తది రాయించాలి. రాసే అతను ‘రాజుల రుచులు’ అని పెడితే గిరాకీ పెరుగుతుందని చెబుతున్నాడు. “అబద్ధం ఎందుకు సార్? నేను ‘జాలారి వంటిల్లు’ అని రాయిద్దామంటున్నాను. మీరేమంటారు?” అంది. లోపలి నుంచి తల్లి అందుకుంది. “సేపల బోజనం అని రాస్తే సాలు బాబూ. ఆ పేరు సూసి జనం రాకపోతే దీని ఫీజు ఎవులు కడతారు?”

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. పైకులం తన పేరును బోర్డు మీద రాయడం ఆధిక్య ప్రకటన. ఎవరి పేరైనా అధికారి బలవంతంగా రాయించడం నిఘా. హీనమని చూసే పేరును తానుగా రాసుకోవడం తన శ్రమకు గుర్తింపు కోరడం. ఈ మూడింటినీ ఒకే గాట కట్టలేం. అంతిమంగా ఏ బోర్డు మీదా కులం ఉండకూడదనే నేను నమ్ముతాను. ఆ పని మొదలుకావలసింది ‘గారి’ బోర్డుల దగ్గర. అవి వెలుగుతున్నంతకాలం ఆ అమ్మాయిని మాత్రం కులం దాటి ఆలోచించమనే అర్హత మనకు లేదు. అలాగని, నా జీతం ఎక్కడికీ పోని చోట కూర్చుని, వారి పొయ్యిని పణంగా పెట్టి ధైర్యం చేయమని చెప్పే అర్హత నాకూ లేదు. నిర్ణయం మీ ఇద్దరిదే అన్నాను. ఆ తర్వాత, ఇన్నేళ్లలో మొదటిసారిగా కాబోలు, అడగకుండానే మా పేట పేరు, మా కులం పేరు చెప్పాను.

తల్లి వంటింట్లోంచి బయటికి వచ్చి నన్ను నిదానంగా చూసింది. “మరా రోజు సెప్పలేదేటి బాబూ?” అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె మళ్లీ ఏమీ అడగలేదు, ఆకు వేసి అన్నం వడ్డించింది. బోర్డు సంగతి ఇంకా తేలలేదు. ఆ రోజు మిత్రుల ముందు నేను చెప్పవలసిన మాటను ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. వారు ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు.