హాస్టల్ గది కూడా ఫీల్డే

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సుల డెమో క్లాసులు విని, జెరాక్స్ నోట్సు కొనుక్కుని, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో షేరింగ్ రూములో గడిపినవాళ్లలో కొందరు తర్వాత సామాజిక శాస్త్రాల్లో పీజీకి వస్తారు. అమీర్‌పేటలో తాము బతికిన బతుకునే పరిశోధన చేస్తామంటే, "అది ఆత్మకథ అవుతుంది కదా" అంటారు పెద్దలు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. కానీ దానికి జవాబూ ఉంది. దాని పేరు ఆటోఎథ్నోగ్రఫీ.

పరిశోధకుడు తన అనుభవాన్నే ఆధారంగా తీసుకుని, తన సమాజం ఎలా నడుస్తుందో వివరించే పద్ధతి ఇది. 1979లో దీని గురించి రాసిన డేవిడ్ హయానో, కాలిఫోర్నియాలో తాను పేకాట ఆడిన క్లబ్బుల్లోనే తోటి ఆటగాళ్లను అధ్యయనం చేశాడు. 2006లో లియోన్ ఆండర్సన్ దీనికి కొన్ని లక్షణాలు చెప్పాడు. అందులో ఒకటి నాకు ప్రాణంలాంటిది: నీ గొంతు ఒక్కటే చాలదు, ఇతరులతోనూ మాట్లాడాలి.

"నాకు ఉద్యోగం రాలేదు, కుంగిపోయాను" అంటే డైరీ. కోర్సు ఫీజు ఏ పంట డబ్బు, ఏ వడ్డీ అప్పు? పక్క మంచం కుర్రాడికి అమెరికాలో బాబాయి ఉంటే అతనికి ఏ దారి తెరుచుకుంది? అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూసేవారు, దానివల్ల ఏ సాయంత్రం బ్యాచ్ వదులుకున్నారు? ఇవి అడిగితే పరిశోధన మొదలవుతుంది. చైనాకు చెందిన పరిశోధకుడు షియాంగ్ బియావో, తెలుగు ఐటీ కుర్రాళ్ల వలసకూ కట్నాలకూ ఉన్న లంకెను 'గ్లోబల్ బాడీ షాపింగ్' (2007)లో చూపించాడు. కోర్సు ఫీజు అప్పు తీర్చిన ఇంట్లో పెరిగినవాళ్లు రాస్తే మనకు ఇంకా లోపలి లెక్కలు తెలుస్తాయి.

అసలు కష్టం నైతికమైనది. రెజ్యూమెలో లేని అనుభవం రాసుకున్న రూమ్మేట్ గురించి రాస్తే, పేరు మార్చినా సరిపోదు. రాసింది ఎవరో తెలుసు కాబట్టి రూమ్మేట్ ఎవరో తెలిసిపోతుంది. అతని ఉద్యోగం పోవచ్చు. అనుమతి అడగాలి, రాసింది చూపించాలి, వద్దంటే తీసేయాలి. ఈ పద్ధతిలోనే రాసిన కరోలిన్ ఎల్లిస్ ఏళ్ల తరబడి చెప్పింది ఈ బాధ్యత గురించే. జ్ఞాపకాన్ని కూడా నమ్మి ఊరుకోకూడదు. ఫీజు రశీదులు, పాత మెసేజీలు, అప్పటి స్నేహితుల మాటలతో సరిచూసుకోవాలి.

గైడ్లకు నా విన్నపం ఒక్కటే. పంజాగుట్ట, అమీర్‌పేట హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థి ఈ అంశం తెస్తే కాదనకముందు ఫీల్డ్ నోట్సు అడగండి, ఎవరెవరితో మాట్లాడాడో అడగండి. ఆ రెండూ ఉంటే సంతకం పెట్టండి.