పన్ను పీకించే ముందు ఒక్క మాట



పన్ను నొప్పి వస్తే మన ఇళ్లలో ముందు లవంగం పెడతారు, తర్వాత నొప్పి మాత్ర వేస్తారు. చివరికి "పీకించేస్తే పీడ పోతుంది" అంటారు. ఖర్చుకు, పోయే కూలికి భయపడి అనే మాట అది. మా అమ్మ నలభై ఏళ్లు నిండకముందే నాలుగు దవడ పళ్లు పీకించుకుంది. ఏ పన్నును నిలబెట్టవచ్చో చెప్పగలిగేవారు అప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు. చదువుకుంటున్న మనమైనా తెలుసుకుందాం.

పంటి పైపొర ఎనామెల్. శరీరంలో అన్నిటికన్నా గట్టిదే అయినా, ఒకసారి పోతే ఎముకలా మళ్లీ పెరగదు. పుచ్చు లోతుగా పోనంతవరకు ఫిల్లింగ్ చాలు. పుచ్చిన భాగం తీసేసి సిమెంటు నింపుతారు. పుచ్చు నరం దాకా పోతే రూట్ కెనాల్ చేయాలి. నరం తీసి, వేరులోని సన్నని కాలువను శుభ్రం చేసి మూసేస్తారు. ఆ పన్ను బలహీనపడుతుంది కాబట్టి, దవడ పన్నయితే పైన క్యాప్ తొడిగించుకోవాలి.

పన్ను పోయినవారికి మూడు మార్గాలున్నాయి:

1. కట్టుడు పన్ను: ఖర్చు తక్కువ. రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి.

2. బ్రిడ్జి: అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, వాటి ఆధారంతో మధ్యలో పన్ను నిలుపుతారు. మంచి పళ్లను అరగదీయాల్సి రావడమే దీని లోపం.

3. ఇంప్లాంట్: దవడ ఎముకలో టైటానియం స్క్రూ బిగించి, కొన్ని నెలలకు ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను అమరుస్తారు. స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగికి ఇలా అమర్చారు. ఖరీదెక్కువ. దవడ ఎదుగుదల ఆగాకే వేస్తారు.

ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు అందులోకి ఒరుగుతాయి.

చిన్న తరగతుల పిల్లలకు ఒక హెచ్చరిక. ఆరేళ్లప్పుడు వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు, అది పోతే మళ్లీ రాదు. ఆటల్లో పెద్ద పన్ను ఊడిపోతే వేరును ముట్టుకోకండి, రుద్దకండి. పాలలో వేసి, వీలైతే అరగంటలోపే దంత వైద్యుని దగ్గరికి వెళ్లండి. తిరిగి నిలబెట్టే అవకాశం ఉంటుంది.

పై పన్ను పీకితే చూపు పోతుందన్నది ఉత్త అపోహ. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్యశాలలున్నాయి. చల్లటి నీళ్లకు పన్ను జివ్వుమన్నప్పుడే వెళితే ఫిల్లింగ్‌తో పోతుంది. ఆలస్యమైన కొద్దీ పన్నూ, డబ్బూ రెండూ పోతాయి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి అమ్మానాన్నలకు తప్పక చెప్పండి.