వలకు అందని సాక్ష్యం

వెన్ను వంకరపోయిన చేప వలలో పడగానే సముద్రం విషమైపోయిందని కొందరంటారు, పుట్టుకలోనే ఏదో తేడా వచ్చి ఉంటుందని ఇంకొందరు కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటే. చేపకు గూని రావడానికీ, నడుము కిందికి కుంగడానికీ, పూసలు ఒకదానికొకటి అతుక్కుపోవడానికీ కారణాలు చాలా ఉన్నాయి. గుడ్డులో పిండం పెరిగే రోజుల్లో నీటి వేడి మారినా, తిండిలో సి విటమిన్ కొరవడినా, పరాన్నజీవులు చేరినా, దెబ్బ తగిలినా, జన్యులోపం ఉన్నా ఎముక దారి తప్పవచ్చు. కనుక ఒక్క చేపను చూసి ఎవరినీ దోషిగా నిలబెట్టలేం. కానీ ఒకే చోట, ఒకే కాలంలో, ఒకే జాతిలో ఇలాంటివి ఎక్కువైతే దానికి కారణం వెతికి తీరాలి. ఆ వెతుకులాట పెద్ద చేపల దగ్గర కాక గుడ్ల దగ్గర మొదలవ్వాలి.

ఎందుకో అలాస్కా చెబుతుంది. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ అక్కడి ప్రిన్స్ విలియం సౌండ్‌లో రాతి దిబ్బకు గుద్దుకుంది. దాదాపు 4 కోట్ల లీటర్ల ముడిచమురు నీళ్లలో కలిసింది. కొద్ది వారాలకే హెర్రింగ్ చేపలు గుడ్లు పెట్టే కాలం వచ్చింది. మన కవళ్లకు దగ్గరి చుట్టమైన ఈ చేప ఒడ్డు పక్కన లోతులేని నీటిలో, నాచుకు గుడ్లు అంటిస్తుంది. చమురు చేరిందీ ఆ ఒడ్డుకే. అక్కడ పొదిగిన పిల్లలు దారప్పోగుల్లా సన్నగా, అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద పెడితే కొన్నిటికి వెన్ను వంగి ఉంది, దవడ సరిగా ఏర్పడలేదు, సొనసంచి దగ్గర నీరు చేరింది. తర్వాత ప్రయోగశాలలో గుడ్లను పాతబడిన చమురు కలిసిన నీటిలో ఉంచి చూశారు. చమురులోని విషపదార్థాలు వందకోట్ల పాళ్లలో ఒక పాలు కూడా లేని నీటిలోనే పిల్లలకు వైకల్యాలు వచ్చాయి. ఈ పదార్థాలు పిండం గుండె లయను చెడగొడతాయి. రక్తప్రసరణ సరిగా సాగక ఒంట్లో నీరు చేరుతుంది, ఎదుగుతున్న దవడా వెన్నూ వంకరపోతాయి.

ప్రమాదం తర్వాత వలల్లో వంకర చేపలు కుప్పలుగా పడలేదు కదా అని అడగవచ్చు. పడవు. దవడ కుదరని పిల్ల సొన అయిపోగానే ఆకలితో చస్తుంది, వెన్ను వంగిన పిల్ల తప్పించుకోలేక మరో చేపకు ఆహారమవుతుంది. వలకు చిక్కేది బతికి పెద్దదైన చేప మాత్రమే, కాబట్టి వల ఎప్పుడూ నష్టాన్ని తగ్గించే చూపిస్తుంది. ఇంకో అభ్యంతరం బలమైనది. 1993లో అక్కడి హెర్రింగ్ మందలు కుప్పకూలాయి. దానికి చమురే కారణమని కొందరు శాస్త్రవేత్తలు, వ్యాధి, తిండి కొరత అని మరికొందరు నేటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదన తేలకపోయినా 1989 నాటి పిల్లల వైకల్యాల సంగతి చెదరదు. మంద ఎందుకు కూలిందన్నది ఒక ప్రశ్న, చమురు పిండాన్ని వికలం చేస్తుందా అన్నది మరో ప్రశ్న. మొదటిది తేలలేదని రెండోదాన్ని కొట్టేయడం న్యాయం కాదు.

పెద్ద చేపలూ పనికొస్తాయి, ఎంచుకోవడం తెలియాలి. స్వీడన్ పరిశోధకులు బోత్నియా సింధుశాఖలో నాలుగు కొమ్ముల స్కల్పిన్ అనే అడుగుచేపను ఎంచుకున్నారు. ఇది పెద్దగా వలసపోదు కనుక తానున్న నీటి సంగతే చెబుతుంది. ఎక్స్‌రే తీసి, కాగితపు గుజ్జు మిల్లుల, లోహ కర్మాగారాల వ్యర్థాలు కలిసే చోటి చేపల వెన్నుపూసలను శుభ్రమైన చోటివాటితో పోల్చారు. పోల్చడానికి శుభ్రమైన చోటు ఉండబట్టే ఆ సాక్ష్యానికి బలం వచ్చింది. బంగాళాఖాతం తీరంలోనూ రేవులున్నాయి, చమురు శుద్ధి కర్మాగారాలున్నాయి. 2017 జనవరిలో చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది కూడా. అలాంటి ప్రమాదం జరిగాక ఒడ్డున జిడ్డు తుడిచి, చచ్చిన చేపలు లెక్కబెట్టి ఊరుకుంటే చాలదు. గుడ్లనూ పిల్లలనూ పరీక్షించాలి. మామూలు రోజుల్లో అవి ఎలా ఉంటాయో ప్రమాదానికి ముందే లెక్క రాసి పెట్టుకోవాలి. ఆ లెక్క లేని తీరానికి రేపు నష్టం జరిగినా రుజువు చేసుకునే దారి ఉండదు.