గడ్డి చుట్టలో పైపొర ఖరీదు

గడ్డి చుట్టే బేలర్ కొనేటప్పుడు అందరూ ముందు ధర అడుగుతారు, ఆపైన డీజిలు, పురికొస లెక్క వేస్తారు. ఆ యంత్రం చేసే చుట్ట గుండ్రంగా ఉండటం వల్ల వచ్చే ఖర్చు మాత్రం ఏ బిల్లులోనూ కనిపించదు. పెద్ద గుండ్రటి చుట్టలు రాకముందు, అమెరికాలో పలక కట్టల కాలంలో ఒక్కో కట్ట ఇరవై ముప్ఫై కిలోల బరువుండేది. పొలంలోంచి ఎత్తడం, కొట్టంలో పేర్చడం మనుషుల రెక్కల మీదే నడిచేది. ఆ చాకిరీ పడలేక పశువుల పెంపకమే మానేస్తానన్న ఓ రైతు మాట అయోవాలోని పెల్లా ఊరి గ్యారీ వెర్మీర్‌ను ఆలోచనలో పడేసింది. మనిషి ఎత్తే అవసరమే రానంత పెద్ద చుట్ట చేస్తే సరిపోతుందని తేల్చి, 1971లో ఆయన పెద్ద బేలర్‌ను బయటికి తెచ్చాడు.

దాని కిటుకంతా బెల్టుల్లో ఉంది. ఇనుప పళ్లు ఆరిన గడ్డి వరుసను లోపలికి ఎగదోస్తే, తిరిగే బెల్టుల మధ్య అది దొర్లి చిన్న ఉండవుతుంది. గడ్డి చేరేకొద్దీ ఉండ బెల్టులను తోసుకుని పెరుగుతుంది. స్ప్రింగులో, హైడ్రాలిక్ సిలిండర్లో వాటిని తిరిగి బిగిస్తూనే ఉంటాయి. అందుకే నడిమి నుంచి అంచుదాకా చుట్ట గట్టిగా ఉంటుంది. దీనికి పోటీ రోలర్ల రకం. అందులో గది కొలత మారదు. గది నిండాకే ఒత్తిడి మొదలవుతుంది కాబట్టి చుట్ట బయట గట్టిగా, లోపల వదులుగా తయారవుతుంది. కదిలే భాగాలు తక్కువ, లోపలి చెమ్మ ఆరడం సులువు. చుట్ట వ్యాసం మార్చుకునే వీలు మాత్రం లేదు.

రకం ఏదైనా, ఆరుబయట వానకు తడిసేది పైపొరే. 5 అడుగుల వ్యాసమున్న చుట్టలో 6 అంగుళాల లోతు పాడైతే 4 అడుగుల చుట్ట మిగులుతుంది. పొడవు మారదు కాబట్టి గడ్డి పరిమాణం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది: 25లో 16 పాళ్లు, అంటే 64 శాతం. చూపుకు పలచగా తోచే పొరలో 36 శాతం మేత పోయింది. అదే లోతు 4 అడుగుల చుట్టలో దాదాపు 44 శాతాన్ని, 6 అడుగుల చుట్టలో 31 శాతాన్ని మింగుతుంది. నూరు చుట్టలకు కోత, డీజిలు, పురికొస ఖర్చు పెట్టి 64 చుట్టల మేతే దక్కితే, తిన్న ప్రతి చుట్టకూ ఒకటిన్నర రెట్లకు పైగా చెల్లించినట్టే.

ఈ నష్టం ఆపాలంటే షెడ్డు వేయాలి, అది మరీ ఖరీదు కదా అనవచ్చు. వాన తక్కువ పడే చోట ఆ మాట నిజమే: 2 అంగుళాలే పాడైతే 5 అడుగుల చుట్టలో నష్టం 13 శాతం, దానికి కప్పు గిట్టకపోవచ్చు. వానలు దండిగా ఉన్నచోట షెడ్డు ఖర్చు ఒక్కసారిది, నష్టం ఏటేటా వచ్చేది. పురికొస బదులు చుట్టకు వల చుడితే చాలదా అంటే, వల పైనుంచి పడే నీటిని జార్చుతుంది కానీ నేల చెమ్మను ఆపదు. కంకర పరిచి, పల్లం వైపు వరుసలు తీర్చి, నడుమ గాలి ఆడనిస్తేనే దాని ఫలితం దక్కుతుంది.

ఈ లెక్క మన వరి పొలాలకు ఇంకా గట్టిగా తగులుతుంది. వరికోత యంత్రం వదిలిన గడ్డిని చుట్టే చిన్న బేలర్లు ఎక్కువగా రోలర్ల రకానివి; చుట్ట వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు. 15 సెంటీమీటర్ల లోతు తడిసి కుళ్లితే నాలుగో వంతే మిగులుతుంది. చిన్న యంత్రం చవక నిజమే, కానీ దాని చుట్టను విడిగా వానకు వదిలితే ఆ చవక నిలవదు. చేత్తో ఎత్తగలగడమే దీని బలం కాబట్టి చుట్టలన్నీ ఒకచోట పేర్చి పైన కప్పాలి. అప్పుడు వానకు ఎదురయ్యే పైభాగం బాగా తగ్గుతుంది. గడ్డివామును పెద్దగా వేసి, కప్పును ఏటవాలుగా తీర్చడంలో ఉన్నదీ ఈ సూత్రమే. కాబట్టి బేలర్ ధర, కప్పు ధర రెండు ఖాతాలు కావు. రెండూ కలిపి, పశువు నోటిదాకా చేరిన కిలోకు ఎంత పడిందో చూస్తేనే ఏ యంత్రం చవకో తెలుస్తుంది.