డేటు మారింది... కంగారు పడొద్దు!

రాత్రి రెండున్నర. కొండాపూర్‌లో బాబాయి వాళ్ల ఫ్లాట్ హాల్లో కూర్చుని డాలస్ టీమ్‌తో కాల్ మాట్లాడుతున్నాను. డాలస్‌లో నా అద్దె ఇల్లుంది, ఈఎంఐ కట్టాల్సిన కారుంది, నా భార్య ఉంది. చెల్లి పెళ్లికని డిసెంబరులో మూడు వారాల సెలవు మీద వచ్చాను. పనిలో పనిగా వీసా స్టాంపింగ్ అయిపోతుందనుకున్నా. పెళ్లి నాలుగు రోజులుందనగా మెయిల్ వచ్చింది... ఇంటర్వ్యూ మార్చికి మారిందని!

నా ఒక్కడికే కాదు. విద్యార్థి వీసాలకు చేస్తున్న సోషల్ మీడియా పరిశీలనను 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4లకూ పెట్టారు. దాంతో చాలామంది తేదీలు వెనక్కి జరిగాయి. మాదాపూర్ టీ కొట్ల దగ్గర ఎవర్ని కదిపినా ఇదే ముచ్చట.

మొదటి వారం గంటకోసారి స్లాట్లు చూస్తూ గడిపాను. ‘ముందు డేటు ఇప్పిస్తా’నన్న ఏజెంటుకి పాస్‌వర్డ్ ఇవ్వబోయాను కూడా. మా ఆవిడే ఆపింది. ‘‘డేటు మన చేతిలో లేదు. చేతిలో ఉన్నవి చూసుకో’’ అంది. అప్పుడు కూర్చుని ఒక్కొక్కటీ సర్దుకున్నాను.

తేదీ మారినట్లు మెయిల్ వస్తే పాత తేదీకి వెళ్లొద్దు, లోపలికి రానివ్వరు. డీఎస్‌-160 ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి, ప్రొఫైళ్లు అందరికీ కనిపించేలా పెట్టాలి. ప్రీమియం ప్రాసెసింగ్ ఫీజు కడితే పిటిషన్ త్వరగా తేలుతుందేమో గానీ, స్టాంపింగ్ ముందుకు జరగదు.

ఆఫీసు విషయం ఇంకా ముఖ్యం. ఇండియా నుంచి ఎన్నాళ్లు పనిచేయొచ్చో హెచ్‌ఆర్‌ని అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. నోటిమాట నమ్మొద్దు. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడే ఉంటే పన్ను లెక్కలు మారతాయి కాబట్టి ఆడిటర్‌తోనూ మాట్లాడండి.

నా పాత రూమ్మేటుది ఇంకో కథ. ఇంటర్వ్యూలో 221(జి) స్లిప్ ఇచ్చారు. ఆన్‌లైన్లో ‘రెఫ్యూజ్డ్’ అని చూసి రెండు రోజులు అన్నం తినలేదు. నిజానికి పరిశీలన నడుస్తున్నంత కాలం అక్కడ ఆ మాటే కనిపిస్తుంది. అడిగిన కాగితాలిచ్చేందుకు ఏడాది గడువుంటుంది. అది దాటితే మాత్రం మళ్లీ ఫీజు కట్టి మొదట్నుంచీ దరఖాస్తు చేసుకోవాల్సిందే.

ఇంకో మాట. వీసా చేతికొచ్చేదాకా టికెట్ కొనకండి. నేను ముందే కొని, డబ్బు పోగొట్టుకున్నాను.

మొన్న ఆదివారం అమ్మ పోరు పడలేక చిలుకూరు వెళ్లాను. పదకొండు ప్రదక్షిణలు చేశాక అడిగింది, ‘‘ఏం కోరుకున్నావు నాన్నా?’’ అని. వీసా అని చెప్పాను. నిజానికి, అక్కడ ఒంటరిగా ఉన్న మనిషి కాస్త ధైర్యంగా ఉండాలని కోరుకున్నాను.

కొత్త తేదీకి ఇంకా పంతొమ్మిది రోజులు. నూట ఎనిమిది ప్రదక్షిణలు బాకీ ఉన్నాయి.