కిటికీ మూస్తే మైనస్ 28

"ఊళ్లకు ఫైబర్ ఇంటర్నెట్ వస్తోంది. ఆదివారం ముఖచిత్రం అదే. గురువారం సాయంత్రానికి కాపీ కావాలి" అన్నారు ఎడిటర్. ప్రకటనలూ ప్రణాళికలూ చాలానే ముందేసుకున్నాను. కానీ చంద్లాపూర్‌లో మా మేనత్త ఇంట్లో, అరచేతిలో పట్టే మీటరు మీద చూసిన ఒక అంకె వాటన్నిటినీ పక్కకు నెట్టేసింది.

అత్తమ్మ ఇంటికి కనెక్షన్ పెట్టి నెల దాటింది. పగలంతా బాగానే ఉంటుంది. పొద్దుగూకితే మోడెం మీద ఎర్ర లైటు కొట్టుకుంటుంది. దుబాయ్ నుంచి కొడుకు వీడియో కాల్ చేసేది ఆ వేళకే. బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ రాదు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ మోడెం బంద్ చేసి మళ్లీ వేయమన్నారు. నాలుగోసారికి మనిషిని పంపారు.

వచ్చిన కుర్రాడు మోడెంను ముట్టుకోలేదు. ఆకుపచ్చ మూతి ఉన్న సన్నటి వైరు ఊడదీసి, కొస తుడిచి, మీటరులో గుచ్చాడు. మైనస్ 20. "మంచిగనే ఉంది గదా అన్నా" అని తలగోక్కున్నాడు. అప్పుడే దోమలొస్తున్నాయని అత్తమ్మ లేచి కిటికీ మూసింది. మీటరు మీద అంకె మారింది. మైనస్ 28.

"అమ్మా, మళ్ల ఒక్కసారి తెరువు!" అన్నాడు. తెరిస్తే 20, మూస్తే 28. బయటి స్తంభం నుంచి వచ్చిన వైరును కిటికీ చౌకట్టు మీదుగా లోపలికి తెచ్చారు. రెక్క వేసినప్పుడల్లా అది నలిగి మడత పడుతోంది.

ఈ మైనస్ ఏమిటో చెప్పాలి. వాట్‌లో వెయ్యో వంతును సున్నా అనుకుని కాంతిని కొలిచే లెక్క ఇది. దీన్ని డీబీఎం అంటారు. ఈ లెక్కలో 3 తగ్గితే కాంతి సగమవుతుంది. 8 తగ్గితే దాదాపు ఆరో వంతే మిగులుతుంది. అంటే ఊరంతా దాటి వచ్చిన వెలుగులో అయిదు వంతులు కిటికీ సందులోనే పోతున్నాయి. గాజు పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. వైరును మడత పెడితే వెలుగు ఆ దారి తప్పి బయటికి పోతుంది. మైనస్ 27 దాటితే చాలా మోడెంలు దాన్ని పట్టుకోలేవు. కాంతి తగ్గినకొద్దీ వేగం మెల్లమెల్లగా తగ్గడం కాదు, ఆ గీత దగ్గరికొచ్చేసరికి తెగి తెగి వస్తుంది.

నలిగిన ముక్క కోసేసి కొత్త ముక్క అతకాలి. ముందు ఫ్యాన్ బంద్ చేయమన్నాడు. పైతొడుగు వలిచి, పోగును స్పిరిట్‌తో తుడిచి, కొసను నిలువుగా తెగేలా కోశాడు. తెగిపడిన గాజు తునకను టేపుకు అంటించి మడిచాడు. అది చర్మంలో గుచ్చుకుంటే కంటికి కూడా కనపడదట. స్ప్లైసింగ్ మిషన్ తెరమీద రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చి నిలిచాయి. చిన్న మెరుపు. రెండూ ఒకటైపోయాయి. మా ఇంటి కంసాలి పుస్తె అతికినప్పుడు చిన్నతనంలో ఊపిరి బిగబట్టి చూసేవాణ్ని. మళ్లీ అట్లా చూశాను. వైరును గోడకు రంధ్రం చేసి లోపలికి తీసుకొచ్చాడు. కిటికీ మూసి కొలిస్తే మైనస్ 19.

కనెక్షన్ ఇచ్చిన రోజు కాగితం తీయించి చూశాను. పేరు, ప్లాను, మోడెం నంబరు, సంతకం ఉన్నాయి. ఈ వెలుగు అంకెకు గడే లేదు. నా ఫిర్యాదంతా దీని మీదే. 2020 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు రంగనాయక సాగర్ జలాశయానికి చేరిన ఊరిది. తూము దగ్గర ఎంత వదిలారు, చివరి మడికి ఎంత అందింది అని అడగడం ఇక్కడి రైతుకు తెలుసు. వెలుగు లెక్క కూడా ఇంటివాళ్లకు రాసివ్వాలి. కుర్రాడు నా మాట కాదనలేదు. మోడెం వెనక పెన్నుతో "-19" అని రాసి తారీఖు వేశాడు.

ఇక చరిత్ర, నాలుగు ముక్కల్లో. పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలన్న పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. నీటి గొట్టాలకు తీసిన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేయాలన్నది తెలంగాణ ఆలోచన. అదే ఏడాది చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో కోనసీమలోని మోరి గ్రామంలో నెలకు 149 రూపాయల ఫైబర్ మొదలైంది. తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ నెట్‌వర్క్ టీ-ఫైబర్ 2024 డిసెంబర్‌లో కొన్ని ఊళ్లలో ప్రయోగంగా వచ్చింది. పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ అందులో ఒకటి.

వైరు బాగున్నా వైఫై రాకపోతే

ల్యాప్‌టాప్‌ను నేరుగా వైరుతో మోడెంకు కలిపి వేగం చూడండి. 100 ఎంబీపీఎస్ ప్లానులో 94 వస్తే సరిగ్గా ఉన్నట్టే. డౌన్‌లోడ్‌లో సెకనుకు 12 మెగాబైట్లు కనిపించినా కంగారు వద్దు, ఒక బైటుకు 8 బిట్లు. వైరుతో బాగుండి ఫోన్లో రాకపోతే తప్పు ఇంట్లోనే ఉంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా వస్తుంది కానీ గోడలు అంతగా దాటలేదు. 2.4 దూరం పోతుంది కానీ అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. పక్కింటివాళ్లు వాడనిది ఎంచుకోండి. అత్తమ్మ ఇంట్లో మోడెం ఇనుప బీరువా వెనక ఉండేది. నడిమింట్లో సజ్జ మీదికి మార్చాక వెనక అర్రలో ఫోన్లో 8 ఎంబీపీఎస్ ఉన్నది 41 అయింది.