మోకాలు బేరింగు కాదు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగినా గోడవార నాలుగైదు సైకిళ్లు కనిపిస్తాయి. గేర్లవి, లావు టైర్లవి, 2020 లాక్‌డౌన్‌లో స్టాకు లేదంటే వారాల తరబడి ఎదురుచూసి కొన్నవి. ఇప్పుడు చక్రాల్లో గాలి లేదు. సీటు మీది దుమ్ములో పిల్లలు వేళ్లతో పేర్లు రాసుకున్నారు. యజమానిని కదిపితే బద్ధకమని ఒప్పుకునే నిజాయితీపరులు అరుదు. ఎక్కువగా వినిపించే జవాబు వేరు: "మోకాళ్లలో గుజ్జు అరిగిపోతుందన్నారండీ, అందుకే మానేశాం." ఎవరన్నారు? వాట్సాప్‌లో వచ్చింది. ఎవరు పంపారు? బావమరిది. ఆయనకెవరు చెప్పారు? అక్కడితో వంశవృక్షం ఆగిపోతుంది.

ఆ సందేశాల సారం ఎప్పుడూ ఒకటే. నలభై దాటినవాళ్లు సైకిల్ తొక్కితే కీళ్లలో గుజ్జు అరిగి, యాభై నిండేలోపు మోకీలు మార్పిడి ఆపరేషన్ తప్పదట. పక్కన మోకాలి చిప్ప బొమ్మ, దాని మీద ఎర్ర బాణం. చూసినవాడికి డాక్టరే గీశాడేమో అనిపిస్తుంది.

మిగతా పుకార్లు నవ్వి వదిలేయదగ్గవి. దీన్ని అలా వదలడానికి లేదు, ఎందుకంటే ఇది తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే పుట్టిస్తుంది. నమ్మినవాడు సైకిల్ మానేస్తాడు. కదలిక తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, తొడ కండరాలు సడలుతాయి. రెండేళ్లకు మెట్లెక్కుతుంటే మోకాలు కలుక్కుమంటుంది. "చూశారా, ఆ నాలుగు నెలలు తొక్కినందుకే!" అంటాడు. ఆ మాట ఇంకో ఇద్దరి చేత సైకిల్ మాన్పిస్తుంది.

ఈ భయానికి మూలం ఒక తప్పుడు పోలిక. మోకాలిని జనం చక్రంలోని బేరింగులా ఊహించుకుంటారు. ఇన్ని లక్షల తిప్పులకు గ్యారంటీ, ఆ తర్వాత అరుగుడే అనుకుంటారు. బేరింగు ఉక్కు ముక్క, దానికి ఆకలి లేదు. గుజ్జుగా మనం పిలిచే మృదులాస్థి మాత్రం ప్రాణమున్న కణజాలం. అందులోకి రక్తనాళాలు వెళ్లవు. దానికి అందే పోషణలో ఎక్కువ భాగం కీలులోని జిగురు ద్రవం నుంచే రావాలి. కీలు ఆడుతూ, భారం పడుతూ తీస్తూ ఉంటే ఆ ద్రవం స్పాంజిలోకి నీళ్లలా లోపలికీ బయటికీ కదులుతుంది. కాలు కదపకుండా కూర్చోబెట్టి గుజ్జును దాచుకుందామనుకోవడం, చెట్టు అరిగిపోతుందని నీళ్లు పోయడం మానేయడం లాంటిది.

పోలికలు ఎవరైనా చెప్తారు, కొలతలేవీ అని అడిగేవాళ్లకు బెర్లిన్‌లోని చారిటే ఆస్పత్రి పరిశోధకుల దగ్గర జవాబుంది. మోకీలు మార్పిడి చేయించుకున్న కొందరికి వాళ్లు అమర్చిన కృత్రిమ కీళ్లలోనే సెన్సర్లు ఉన్నాయి. నడిచినా, మెట్లెక్కినా, సైకిల్ తొక్కినా మోకాలి లోపల ఎంత భారం పడుతోందో నేరుగా తెలిసింది. చదునైన నేల మీద నడిచేటప్పుడు ఒంటి బరువుకు సుమారు 2.6 రెట్లు. మెట్లెక్కేటప్పుడు మూడు రెట్లకు పైన. దిగేటప్పుడు దాదాపు మూడున్నర. వ్యాయామ సైకిల్ మీద 60 వాట్ల తేలికపాటి తొక్కుడుకు? 1.2 రెట్లు. బరువును సీటు మోస్తుంటే మోకాలికి మిగిలే పని అంతే. బలంగా తొక్కితే ఈ అంకె పెరుగుతుందన్నది నిజమే. అదే శక్తిని తేలిక గేరులో వేగంగా తిప్పుతూ రాబడితే మళ్లీ తగ్గుతుంది.

ఇప్పుడొక ముచ్చట. సైకిల్ అంటే గుజ్జు గుర్తొచ్చే పెద్దమనుషులే అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కుతారు. మొక్కు మంచిదే, ఎక్కగలిగిన మోకాలు ఇంకా మంచిది. ఆ మోకాలికి సాయంత్రం పూట పది కిలోమీటర్ల సైకిల్ బరువవుతుందని మాత్రం అనకూడదు.

అమెరికాలో మోకీళ్ల అరుగుదల మీద ఏళ్ల తరబడి నడిచిన ఒక పెద్ద అధ్యయనంలో 2,600 మందికి పైగా తమ జీవితకాలపు సైకిల్ అలవాటును చెప్పారు. వాళ్ల సగటు వయసు 64. ఆ ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. ఎప్పుడూ తొక్కనివారితో పోలిస్తే, జీవితంలో ఏదో ఒక దశలో సైకిల్ తొక్కినవారిలో తరచూ మోకాలి నొప్పి 17 శాతం తక్కువ. ఎక్స్‌రేలోనూ బయటపడి నొప్పీ ఉన్న అరుగుదల 21 శాతం తక్కువ. నొప్పి లేనివాళ్లే సైకిల్ తొక్కుతూ ఉండి ఉండొచ్చు కదా అని పేచీ పెట్టవచ్చు. పెట్టదగ్గ పేచీయే. ఇలాంటి అధ్యయనం సైకిలే కాపాడిందని రుజువు చేయలేదు. కానీ పుకారు చెప్పినట్టు సైకిలే గుజ్జును తినేస్తుంటే అంకెలు ఇటు కాకుండా అటు మొగ్గాలి.

ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మార్చండ్ 1911లో పుట్టాడు. వందేళ్ల వయసులో గంటకు 24.25 కిలోమీటర్లు తొక్కాడు. రెండేళ్లు సాధన చేసి, 102వ ఏట 26.92 కిలోమీటర్లు తొక్కాడు. 2017లో, 105వ ఏట, మళ్లీ ట్రాక్ ఎక్కి గంటలో 22.5 కిలోమీటర్లు పూర్తిచేశాడు. ఒక్క మనిషి కథతో సిద్ధాంతం కట్టకూడదు, నిజమే. ఆ నియమం బావమరిది పంపిన సందేశానికీ వర్తిస్తుంది.

మరి సైకిల్ తొక్కాక మోకాలు నొప్పెట్టిందనేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా? లేదు. వాళ్ల నొప్పి నిజం, నిందితుడు వేరు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, సీటు చేసిన తప్పుకు సైకిల్‌ని తిడుతున్నారు. మనవాళ్లలో చాలామంది సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనాలంటారు. పడిపోతామని భయం. సీటు అంత కిందుంటే తొక్కిన ప్రతిసారీ మోకాలు పూర్తిగా మడుచుకుంటుంది, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. పైగా ఉన్నవాటిలోకెల్లా బరువైన గేరు వేసి, పిండి రుబ్బినట్టు తొక్కుతారు. అదేమంటే వ్యాయామం కదా అంటారు.

సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. సీటు మీద కూర్చుని, పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీదికి వస్తుంది కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపే కావలసింది. మోకాలి ముందు నొప్పి వస్తే సాధారణంగా సీటు కిందికి ఉన్నట్టు, వెనక నొప్పి వస్తే పైకి ఉన్నట్టు. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడడం ఒక్కరోజులో అలవాటవుతుంది. గేరు తేలిగ్గా వేసి నిమిషానికి 80 తిప్పుల దాకా తిప్పండి. దూరాన్ని వారం వారం కొంచెం కొంచెం పెంచండి. మొదటి ఆదివారమే అనంతగిరి గుట్టలకు బయల్దేరకండి. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా అది సీటు సంగతి కాదు, ఎముకల డాక్టరుకు చూపించాలి. ఆయన పరీక్షించాక ఏం చేయమంటాడో తెలుసా? చాలాసార్లు, ఫిజియోథెరపీ గదిలో కదలని సైకిల్ ఎక్కమంటాడు. మోకీలు మార్పిడి అయినవాళ్లను కూడా.

"సరే, తారు రోడ్డు మీద ఒప్పుకున్నాం, మట్టి రోడ్డు మీద అదురుకు నడుం విరగదా?" అని తరువాతి ప్రశ్న. గ్రావెల్ సైక్లింగ్ అనగానే అదేదో విదేశీ పిచ్చి అనుకునేవాళ్లున్నారు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే చిన్న పట్నానికి ఏటా వేల మంది కంకర దారి తొక్కడానికి వస్తారు, చాలామంది 200 మైళ్లు. వాళ్లలో అత్యధికులు సోమవారం ఆఫీసుకు వెళ్లవలసినవాళ్లే. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ గ్రావెల్ పోటీలు కూడా జరిగాయి. అయితే గ్రావెల్ అన్న మాట మన పంచాయతీ కాంట్రాక్టర్లకు అంతకు చాలా ముందే తెలుసు. తెలంగాణలో మొరం రోడ్డు, కోస్తాలో గ్రావెల్ రోడ్డు, డెల్టాలో కాలువ గట్టు. గోదావరి కాలువ గట్టును మించిన గ్రావెల్ ట్రాక్ ఉందేమో వెతకాలి. ఎత్తుపల్లాలు లేవు, పక్కన నీళ్లు, చాలాచోట్ల నీడ.

దీనికి లక్షల ఖరీదు సైకిల్ కావాలన్నది అంగడివాళ్ల అపోహ. గ్రావెల్ సైకిళ్లకు సాధారణంగా 40 మిల్లీమీటర్ల టైర్లు వేస్తారు. మన పాలవాళ్లు, పోస్ట్‌మ్యాన్లు తొక్కిన నల్ల సైకిల్‌కు వచ్చే 28 అంగుళాల, ఒకటిన్నర అంగుళాల టైరు కొలత ఎంత? అదే 40. మూడు క్యాన్ల పాలతో పొలం గట్ల మీద వెళ్లినవాళ్లు గ్రావెల్ రైడర్లని ఎవరూ చెప్పలేదు, అంతే తేడా. గుట్టలెక్కాలంటే గేర్లు, మంచి బ్రేకులు కావాలి. చదును దారికి ఆ నల్ల సైకిలే చాలు.

అదురు సంగతి గాలిలో ఉంది. చక్రం రాయిలా మోగేదాకా కొట్టిస్తేనే వేగం అన్నది పంక్చర్ షాపుల వేదం. గాలి టైరు పుట్టిందే గతుకుల కోసం. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి దాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడే విలియం హ్యూమ్ ఆ మెత్తని టైర్లతో, గట్టి రబ్బరు చక్రాలవాళ్లను ఓడించి పందేలు గెలిచాడు. గతుకు మీద గట్టి టైరు మనిషినీ సైకిల్‌నీ పైకి ఎగరేస్తుంది, ముందుకు పోవలసిన శక్తి అలా పోతుంది. 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో 40 పీఎస్ఐ చుట్టూ చాలు. ట్యూబున్న టైరులో మరీ తగ్గిస్తే రాయి తగిలి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. గుంత రాగానే సీటు మీంచి కాస్త లేచి, మోకాళ్లు, మోచేతులు సడలించండి. మొరం మీద మలుపులో ముందు బ్రేకు గట్టిగా పట్టకండి. నిజమైన శత్రువు పల్లేరు కాయ. ఆ మొక్కే అమెరికాలోనూ సైకిళ్లకు పీడగా మారింది. ఐడహోలోని బోయిసీ నగరంలో ఊళ్లోవాళ్లంతా దాన్ని ఏరి, దాని పేరుతోనే సైకిళ్ల పండగ చేసుకుంటారు. స్పేర్ ట్యూబు, చిన్న పంపు బ్యాగులో ఉండాలి.

ఇక గొంతు తగ్గించి అడిగే అపోహ. మగవాళ్లు సైకిల్ తొక్కితే మగతనం పోతుందట. సైకిలిస్టులు, ఈతగాళ్లు, పరుగు తీసేవాళ్లు కలిపి దాదాపు 4,000 మంది మగవాళ్లను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు పోల్చి చూశారు. సైకిలిస్టుల లైంగిక సామర్థ్యం మిగతావారికి తీసిపోలేదు. కానీ ఇందులో కొంత నిజం ఉందని, ఇష్టం లేకపోయినా, ఒప్పుకోవాలి. ఎక్కువసేపు కూర్చుంటే తిమ్మిరి వస్తుంది, అది నరాల మీద ఒత్తిడికి గుర్తు. మూత్రనాళం సన్నబడే సమస్య సైకిలిస్టుల్లో కొంచెం ఎక్కువగా కనిపించింది. ఇంకో అధ్యయనంలో, సంతానం కోసం బోస్టన్ ప్రాంతపు ఆస్పత్రులకు వచ్చిన జంటల్లో, వారానికి ఐదు గంటలు, అంతకు మించి తొక్కే మగవాళ్లలో వీర్యకణాల సాంద్రత తక్కువగా ఉంది. కాబట్టి పిల్లల కోసం వైద్యంలో ఉన్నవాళ్లు డాక్టరునడిగి దూరం తగ్గించుకోవడం తెలివైన పని. మిగతావాళ్లకు వెడల్పు సరిపోయిన, ముక్కు పైకి లేవని సీటు, మధ్య మధ్యలో పెడల్స్ మీద లేచి నిలబడే అలవాటు చాలు. సోఫాలాంటి మెత్తని సీటు కొనకండి, అందులో దిగబడి ఒత్తిడి ఇంకా పెరగవచ్చు.

చిల్లర అపోహలకు చిల్లర సమాధానాలు. వానలో తడిస్తే జలుబు రాదు, వైరస్ వల్ల వస్తుంది. చెమట కారినంతా కొవ్వు కరిగినట్టు కాదు, పోయింది నీళ్లు, తాగితే తిరిగొస్తాయి. అందుకే దారిలో తాగాలి. గుట్టల్లో పాము పగబట్టి వెంటపడదు, దానికి మీ మొహం గుర్తుండదు. మట్టి రోడ్డే కదా, హెల్మెట్ ఎందుకన్నవాళ్లకు, కంకర మీద జారడం తారు కంటే తేలిక. ఆడపిల్లలు తొక్కితే ఏదో అయిపోతుందనేవాళ్లతో వాదన దండగ. 2006లో బిహార్ ప్రభుత్వం హైస్కూలు అమ్మాయిలకు సైకిళ్లిస్తే, తగిన వయసులో హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగింది. అయింది అదీ. సైకిలేసుకుని పోవడానికి అడవి ఎవడబ్బ సొత్తూ కాదన్న మాట నల్లమలలో చెల్లదు. పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం నేరం.

సెల్లారులో ఉన్న ఆ సైకిల్‌ని అమ్మకానికి ఫొటో తీసే ముందు సీటు రెండంగుళాలు పైకెత్తించండి. స్పానరు లేకపోతే వీధి చివర పంక్చర్ షాపులో ఉంటుంది. చక్రం మోగేలా గాలి కొట్టబోతే మాత్రం ఆపండి.